ఎనిమిది రోజులకు సగం

జూలై 13, ఆదివారం. గుడివాడ

చప్పిడి తిండి మొదలై నాలుగు రోజులు. అయోడిన్ ఉన్నది ఏదీ నోట్లో పెట్టకూడదు. చేప లేదు, రొయ్య లేదు, గుడ్డు లేదు, పాలూ పెరుగూ లేవు. ఉప్పు కూడా అయోడిన్ కలపనిదే వాడాలి. దాని కోసం మా ఆయన క్రాంతి బజారంతా తిరిగి, అయోడిన్ ఉన్న ఉప్పే ఒంటికి మంచిదండీ అని ప్రతి కొట్లోనూ పాఠం చెప్పించుకుని వచ్చాడు. మధ్యాహ్నం పక్క పోర్షన్ వాళ్ళు బొమ్మిడాయి చేపల పులుసు పెట్టారు. కిటికీ మూసేసి ఏడ్చాను. పులుసు కోసం కూడా ఏడ్చాను, అబద్ధమెందుకు.

నెల కిందట నా థైరాయిడ్ తీసేశారు. తీసిన ముక్క రిపోర్టు చూసి డాక్టర్ గారు, క్యాన్సరే కానీ చాలా మంచి క్యాన్సరండీ అన్నారు. మంచి క్యాన్సరట! నాకు నవ్వొచ్చింది.  ఇప్పుడు గొంతులో మిగిలిన కణాలను చంపడానికి అయోడిన్ 131 తాగిస్తారు. రేడియోయాక్టివ్. ముందు ఒంటిని అయోడిన్ లేకుండా మాడ్చేస్తే, తర్వాత ఏ అయోడిన్ పెట్టినా ఆ కణాలు ఆబగా మింగుతాయి, మింగి చస్తాయి. ఇంటర్ పిల్లలకు పన్నెండేళ్ళుగా ఐసోటోపులు చెబుతున్నాను. ఒక మార్కు ప్రశ్న అది.

సంగతి క్రాంతికి తప్ప ఎవరికీ తెలియదు. మిగతా అందరికీ థైరాయిడ్ ఆపరేషన్ అనే చెప్పాం. థైరాయిడ్ ఈ రోజుల్లో ఎవరికి లేదమ్మా, ధనియాల నీళ్ళు తాగు అన్నారు. క్యాన్సర్ అంటే మా అత్తగారు సువార్తమ్మ వాళ్ళ చర్చిలో మైకు పెట్టి నా గొంతు కోసం ప్రార్థన చేయిస్తుంది. వాళ్ళ ఊరి పక్క గూడూరు దాకా వినిపిస్తుంది. ఆడపడుచు ప్రేమకీ చెప్పొద్దన్నాను. ఏడేళ్ళలో రెండుసార్లు పోయి ఇప్పటికి నిలబడింది దాని కడుపు. అవనిగడ్డలో కాలు కింద పెట్టకుండా కూర్చుంది. దాని చెవిన ఈ మాట ఎందుకు వేయాలి?

జూలై 18, శుక్రవారం

గొంతు సగమే పలుకుతోంది, అయినా క్లాసుకు వెళ్ళాను. పీరియాడిక్ టేబుల్. ఎనభై మూడు దాటాక ఒక్క మూలకమూ నిలకడగా ఉండదని చెప్పాను. పొలోనియం, రేడియం, థోరియం, యురేనియం. కేంద్రకం బరువెక్కిపోయి తనను తానే పట్టుకోలేదు, కొంచెం కొంచెంగా విసిరేసుకుంటూ చివరికి సీసం అయి కూర్చుంటుంది అన్నాను. వెనక బెంచీ అమ్మాయి లేచి, మేడం, ఆ కింద రెండు వరుసలు విడిగా ఎందుకు పెట్టారు అని అడిగింది. అందరూ అడిగేదే. పేజీ వెడల్పు చాలదమ్మా అన్నాను. పేజీ వెడల్పు పెంచుకోవచ్చు కదా మేడం అంది. కూర్చో అని గద్దించాను.

అయోడిన్ మందు కోసం థైరాయిడ్ హార్మోన్ మాత్ర ఆపేశారు. అందుకే ఈ చిరాకు. అందుకే అనుకుంటున్నాను.

జూలై 26, శనివారం

మందు తాగాక మూడు వారాలు ఎక్కడ ఉండాలన్నది పెద్ద తగువైంది. మాది రెండు గదుల పోర్షన్. ఓనర్ శేషగిరిరావు గారి మనవలు ఇద్దరూ పొద్దస్తమానం మా గుమ్మంలోనే ఆడతారు. పసిపిల్లలకీ కడుపుతో ఉన్నవాళ్ళకీ నేను రెండు మీటర్లు దూరంగా ఉండాలి. పళ్ళెం విడిగా, గ్లాసు విడిగా, పక్క విడిగా, బాత్‌రూం విడిగా. అందుకని గూడూరు దగ్గర మా అత్తగారి ఊళ్ళో డాబా మీద గదిలో ఉండమన్నాడు క్రాంతి. అక్కడ అత్తయ్య ఒక్కతే ఉంటుంది. ప్రేమను మాత్రం అటు రానివ్వొద్దు, అసలు సంగతి ఎత్తకుండా నువ్వే ఏదోలా సర్ది చెప్పు అని క్రాంతికి పదిసార్లు చెప్పాను. సరే అన్నాడు. చేపల చెరువుల్లో నీళ్ళు టెస్ట్ చేసే ఉద్యోగం వాడిది, నందివాడలో. నీళ్ళలో అమోనియా ఎంతుందో రైతుకి మొహం మీద చెబుతాడు, చెల్లెలికి ఒక్క మాట చెప్పడానికి మాత్రం నీళ్ళు నములుతాడు.

జూలై 29, మంగళవారం. విజయవాడ

తాగాను.

సీసపు డబ్బా తెచ్చాడు ఒకతను, రెండు చేతులతో, మెడ నరాలు పొంగేలా. బిందె తెస్తున్నాడా అనుకున్నాను. లోపల మాత్రం వేలంత సీసా. స్ట్రా పెట్టి, నేను బయటికెళ్ళాక తాగండమ్మా అని ఒక్క అంగలో వెళ్ళిపోయాడు. తలుపు బరువుగా పడింది. తాగితే పంపు నీళ్ళ రుచే. ఇంత భయానికి కాస్త చేదన్నా ఉండొద్దూ!

అన్నం పళ్ళెం తలుపు బయట స్టూలు మీద పెట్టి, తలుపు కొట్టి పరుగెత్తుతున్నారు.

జూలై 30, బుధవారం

నర్సు బయటి నుంచే గుడ్ మార్నింగ్ చెప్పింది. ఆవిడ మొహం చూడలేదు.

జూలై 31, గురువారం. అత్తగారి ఊరు

ఒంట్లో రేడియేషన్ ఎంతుందో మీటర్ పెట్టి చూసి పంపేశారు. కారులో వెనక సీటులో ఆ మూల నేను, ముందు ఈ మూల క్రాంతి. పామర్రులో ఆపి ఒక స్టీలు పళ్ళెం, ఒక స్టీలు గ్లాసు కొన్నాడు. దారి పొడుగునా నాట్లు. ఆకుపచ్చ చూసి ప్రాణం లేచొచ్చింది.

వాకిట్లోనే అత్తయ్య రెండు చేతులూ చాచి వచ్చింది. ఆగండత్తయ్యా, రావద్దు అని అరిచాను. నిజంగానే అరిచాను. ఆవిడ అక్కడే నిలబడిపోయింది. క్రాంతి సంచిలోంచి పళ్ళెం, గ్లాసు తీసి, వినీలకి వీటిలోనే పెట్టాలమ్మా, వీటిని మనవాటిలో కలపకూడదు, మందు పవరు అలాంటిది అని చెప్పాడు. అత్తయ్య గ్లాసు వంక చూసింది. నా ఇంట్లో విడి గ్లాసు ఉండదురా అంది. అని లోపలికి వెళ్ళిపోయింది.

నేను మెట్లెక్కి పైకొచ్చేశాను. కాఫీ అయితే పంపింది, క్రాంతి చేత మెట్టు మీద పెట్టించింది. దేనిలో అంటే మామయ్య బతికున్నప్పుడు తాగిన కంచు గ్లాసులో. ముట్టుకోలేదు. కావాలనే పంపిందని తెలుస్తూనే ఉంది, ఒళ్ళు మండింది. ఇంత మొండి మనిషినేం చేసుకోను?

ఆగస్టు 1, శుక్రవారం

పొద్దున క్రాంతికి ఫోన్ చేసి మీ అమ్మ అలా ఎందుకు చేసిందన్నాను. చెరువు గట్టు మీదున్నాను, పక్కకొచ్చి చెబుతాను అన్నాడు. తర్వాత చెప్పాడు.

మామయ్య పేరు బాలస్వామి. ఆయన వయసులో ఉన్నప్పుడు రోడ్డు మీది టీ కొట్లో మా పేట వాళ్ళ గ్లాసులు చూరులో గుచ్చి ఉండేవట. వెళ్ళి ఎవరిది వాళ్ళు తీసుకుని, కింద పెడితే పైనుంచి పోసేవాళ్ళు. తాగి, కడిగి, మళ్ళీ చూరులో పెట్టాలి. ఒకసారి వానలో తడిసొచ్చి మామయ్య లోపలి గ్లాసు తీసుకుని తాగేశాడు. అప్పుడు పడ్డ దెబ్బకి ఎడమ చెవి చచ్చేదాకా వినపడలేదు. అత్తయ్యకి అప్పటికి పెళ్ళయి నాలుగు నెలలు. తర్వాత మామయ్య రెండేళ్ళు కోతల కూలి కూడబెట్టి చర్చికి ఒక వెండిపూత గిన్నె కొన్నాడు. అందరం దీనిలోనే తాగుదాం అన్నాడట. కోవిడ్ తర్వాత చుట్టుపక్కల చర్చిలన్నీ బల్లారాధనకి, అంటే ప్రభువు పేర రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడానికి, చిన్న చిన్న ప్లాస్టిక్ కప్పులు తెచ్చుకున్నాయి. ఈ ఊళ్ళో మాత్రం అత్తయ్య అడ్డం పడి తేనివ్వలేదు.

ఈ ఇంటికి వచ్చి ఎనిమిదేళ్ళు. నాకు ఇది ఇప్పుడా చెప్పేది? నేను గుడివాడ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగాను. చూరు గ్లాసు మాట వినడమే గానీ అది మా ఇంట్లో ఎవరి చెవిని చంపిందో తెలియదు.

ఆ రెండు వరుసలు విడిగా ఎందుకని క్లాసులో అడిగిన అమ్మాయిని గద్దించకుండా ఉండాల్సింది. ఊళ్ళో చోటు చాలదనే కదా మా వాళ్ళనూ ఊరి బయట పేటలో పెట్టింది.

కిందికి కేకేసి, అత్తయ్యా, ఇది కులం పట్టింపు కాదు, మందు అన్నాను. మందైతే నీకు, గ్లాసుకేం అంది.  మధ్యాహ్నం మాత్రం అన్నం స్టీలు పళ్ళెంలోనే వచ్చింది.

ఆగస్టు 2, శనివారం

వాకిట్లో ఆటో ఆగింది. కిటికీలోంచి చూస్తే ప్రేమ! కడుపు మీద చెయ్యి పెట్టుకుని, వదినా అని పైకి చూసి నవ్వుతోంది.  పైకి రావద్దు, వైరల్ ఫీవర్, అంటుకుంటుంది అన్నాను. నోటికొచ్చిన అబద్ధం. ఐదో నెల నిండొస్తోంది వదినా, వాంతులు తగ్గాయి, నీకు బాగాలేదని అమ్మ ఫోన్ చేసింది, చూడకుండా ఉంటానా అంది.

క్రాంతికి ఫోన్ చేసి కడిగేశాను. వాడు ప్రేమతో, వచ్చే నెల వెళ్ళొచ్చులే అన్నాడట, అంతే. ఎందుకో చెప్పలేదట. నువ్వు క్యాన్సర్ మాట ఎత్తొద్దన్నావు కదా అన్నాడు. అన్నాను, నిజమే. ఇప్పుడు నేనైనా కిందికి కేకేసి చెప్పొచ్చు. చెబితే దానికి కంగారు పుట్టి ఏదైనా అయితే? మూడోసారి కూడా పోతే ఆ పాపం నాకే చుట్టుకోదా? మధ్యలో ఇరవై మెట్లున్నాయి, చాలు అనుకున్నాను.

సాయంత్రం రాగిజావ సగం తాగి గ్లాసు పక్కన పెట్టాను. మాత్ర ఆపినప్పటి నుంచీ కూర్చున్నచోటే నిద్ర. లేచి చూస్తే గ్లాసు లేదు. కాసేపటికి కడిగి మెట్టు మీద పెట్టి ఉంది. నేనే కడుక్కుంటానని ఎన్నిసార్లు చెప్పినా అత్తయ్య వినదు కదా!

ఆగస్టు 3, ఆదివారం

పొద్దున: చర్చి మైకు వినిపిస్తోంది. మొదటి ఆదివారం, బల్లారాధన. నేను లేకుండా జరగడం పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి.

సాయంత్రం: గడియ పెట్టుకుని కూర్చున్నాను. రాస్తే కుదుటపడతానేమో.

చర్చి అయ్యాక మెట్ల మీద అడుగుల చప్పుడు. ఒకరివి కాదు. గడియ పెట్టడానికి లేచేలోపే అత్తయ్య లోపలికి వచ్చేసింది. వెనక పాస్టర్ సీమోను గారు, చేతిలో మామయ్య గిన్నె. వాళ్ళ వెనక సంఘం ఆడవాళ్ళు ఇద్దరు. అందరికంటే వెనక ప్రేమ. నేను వెనక్కి వెనక్కి జరిగి కిటికీకి ఆనుకున్నాను. దగ్గరికి రావద్దండీ, ప్రేమా నువ్వు కిందికి వెళ్ళిపో అన్నాను. సీమోను గారు నవ్వి, ప్రభువు కుష్ఠురోగినే ముట్టుకున్నాడమ్మా, నీ జ్వరమెంత అన్నారు.

అత్తయ్యా, ప్రేమా చర్చిలో బల్ల తీసుకోలేదట. నాతో కలిసి తీసుకుంటామని ఆగారట. ఆ మాట విన్నాక గట్టిగా అరవాలన్న కోపం పోయింది. అదే నా కొంప ముంచింది. సరే, మీరంతా తీసుకోండి, నేను చివర తీసుకుంటాను అన్నాను. ఉపాయం బాగానే ఉందనుకున్నాను. చివర అన్న మాటకి అత్తయ్య మొహం మారిపోయింది. ఈ గిన్నె దగ్గర చివరివాళ్ళు లేరమ్మా అంది. రోగికే ముందు అని సీమోను గారు గిన్నె నా పెదాలకి ఆనించారు.

తాగేశాను. వద్దనొచ్చు. నోరు బిగించుకోవచ్చు. కానీ బల్ల కాదన్న మనిషంటే ఏదో తప్పు చేసిందనే మా వాళ్ళలో లెక్క. ఎంఎస్సీ కెమిస్ట్రీ చదివిన దాన్ని, ఆ క్షణంలో నాకు గుర్తొచ్చింది అదొక్కటే.

అత్తయ్య గిన్నె అందుకుని, నేను నోరు పెట్టిన చోటు వెతుక్కుని, అందరూ చూసేలా అక్కడే నోరు పెట్టి తాగింది. ఇద్దరాడవాళ్ళూ స్తోత్రం అన్నారు. నువ్వూ ఇక్కడే తాగవే అని ప్రేమకి ఇచ్చింది. ప్రేమ నన్ను చూసి నవ్వుతూ గిన్నె ఎత్తింది.

ఎలా దూకానో తెలియదు. చేత్తో ఒక్కటి కొట్టాను. గిన్నె గోడకి తగిలి కింద పడింది. ద్రాక్షరసం ప్రేమ తెల్లచీర మీద, గచ్చు మీద, సీమోను గారి పాదాల మీద. ప్రేమ రెండు చేతులతో కడుపు పట్టుకుని గోడకి నక్కింది. నేను తనని కొట్టాననుకుంది. ఒకావిడ దయ్యం, దయ్యం అంటూ మెట్ల వైపు పరుగెత్తింది.

నాకు క్యాన్సర్ అని అరిచాను. రేడియేషన్ మందు తాగాను, నా ఉమ్ములో ఉంది, నా చెమటలో ఉంది, కడుపులో బిడ్డ మెడకి పోతుంది, అందుకే విడి గ్లాసు అని ఊపిరి తీసుకోకుండా అరిచాను.

అత్తయ్య ఉన్నచోటే కూలబడింది. నిన్న నువ్వు మిగిల్చిన జావ ప్రేమకే పోశానమ్మా అంది. నా కోడలి ఎంగిలి నా కూతురు తాగితే తప్పేంటని నా చేత్తో నేనే పోశాను అంది.

డాక్టర్ గారికి ఫోన్ చేశాను, ఎత్తలేదు.

ఆగస్టు 4, సోమవారం

డాక్టర్ గారు ఫోన్లో ముందు తిట్టారు. నోరుమూసుకుని పడ్డాను. తర్వాత నిదానంగా చెప్పారు. ఎంగిలితో వెళ్ళేది చాలా తక్కువండీ, అపాయం ఉండకపోవచ్చు. ఐదో నెల అంటే బిడ్డ థైరాయిడ్ పని మొదలుపెట్టి ఉంటుంది కాబట్టి అశ్రద్ధ మాత్రం చేయొద్దు. పుట్టాక మడమ గుచ్చి రక్తం తీసి చూద్దాం. అప్పటిదాకా ఇంక చేసేదేం లేదు అన్నారు.

ఉండకపోవచ్చు. ఈ మాట పట్టుకుని డిసెంబరు దాకా ఎలా బతకాలి?

ప్రేమ వాళ్ళాయన వచ్చి తీసుకెళ్ళాడు. డాక్టర్ గారి మాటలన్నీ అతనికి కిటికీలోంచే చెప్పాను. అతను వింటూ నేల చూశాడు. ప్రేమ ఆటో ఎక్కేటప్పుడు పైకి చూడలేదు.

ఆగస్టు 6, బుధవారం

కింద నుంచి టిఫిన్ వస్తోంది, అన్నం వస్తోంది, అత్తయ్య మాట రావడం లేదు.

ఆగస్టు 9, శనివారం

ఈరోజు అత్తయ్య మెట్ల మధ్యలో కూర్చుంది. పైకి రాలేదు. అసలు ఇదేంటో నాకు తెలిసేలా చెప్పు అంది. వారం నుంచి ఊరంతా తలోమాటా చెప్పారట. కోడలికి కరెంటు ఎక్కించారని కూడా అన్నారట.

గుమ్మంలో కూర్చుని చెప్పాను. మామూలు అయోడిన్ ఉప్పులో ఉండేదే, చేపలో ఉండేదే. నాకిచ్చినది మనుషులు రియాక్టర్‌లో పుట్టించినది. బరువు ఎక్కువై నిలవలేదు. విరిగిపోతూ ఉంటుంది, విరిగేటప్పుడు దగ్గరున్న వాళ్ళని కాలుస్తుంది. ఎనిమిది రోజులకు సగం విరిగిపోతుంది. ఇంకో ఎనిమిది రోజులకు ఆ మిగిలిన దానిలో సగం. ఒంట్లోంచి బయటికి పోయేది వేరే. విరిగిందంతా జినాన్ అనే గాలి అవుతుంది. నోబుల్ గ్యాస్ అంటారు, అది ఎవరితోనూ కలవదు, ఎవరి జోలికీ రాదు అన్నాను. పెద్దమనుషులన్నమాట అంది. వారం తర్వాత మొదటిసారి ఇద్దరం నవ్వాం.

పూర్తిగా ఎప్పటికి పోతుందని అడిగింది. లెక్క ప్రకారం ఎప్పటికీ సున్నా అవదు, కానీ రెండు మూడు నెలలకి లేనట్టే అన్నాను. ఆవిడ కొంగు వేలికి చుట్టుకుంది. ఆ చూరు గ్లాసు మా నాన్న కాలంలో ఉంది, నా కాలంలో ఉంది, మీ మామయ్య చెవి తీసుకుంది, ఇప్పటికి దానిలో సగమన్నా విరిగిందంటావా అని అడిగింది. నాకు తెలియదత్తయ్యా అన్నాను.

అప్పుడు ఏడ్చింది. చూరు గ్లాసు గురించి కాదు. రెండుసార్లు పోయిన కడుపమ్మా, మూడోసారి నిలబడితే నా చేత్తో నేనే విషం పోశానా అని. నేను నిజం చెప్పి ఉంటే మీరు పోసేవారు కాదు, తప్పు నాదత్తయ్యా అన్నాను. నీదే అంది. నాది కూడా అంది. నేను లేచి దగ్గరికి వెళ్ళబోయాను. అక్కడే ఉండు, రెండు మీటర్లు అని చెయ్యి అడ్డం పెట్టింది.

ఆగస్టు 12, మంగళవారం

అత్తయ్య పొద్దున్నే బస్సెక్కి బందరు వెళ్ళింది. పోతూ నా స్టీలు గ్లాసు బకెట్ నీళ్ళలో సబ్బు పెట్టి తోమి, మీద ఒక గుడ్డ చుట్టి తీసుకెళ్ళింది. ఎందుకంటే చెప్పలేదు.

మధ్యాహ్నం గ్లాసు తిరిగొచ్చింది. అంచు కింద పేరు కొట్టించింది, వినీల అని, చుట్టూ చిన్న పువ్వు. ఇంకొకటి కొత్తది కొని దాని మీద సువార్తమ్మ అని కొట్టించింది. చూరులో గ్లాసులకి పేర్లుండేవి కాదంట. ఎవరిదో గుర్తుపట్టడానికి సొట్టలు చూసుకునేవాళ్ళంట.

సాయంత్రం ఆవిడ మెట్ల మధ్యలో, నేను గుమ్మంలో. ఎవరి గ్లాసులో వాళ్ళం టీ తాగాం. బిస్కెట్ విసిరితే పట్టుకున్నాను.

ఆగస్టు 21, గురువారం

మూడు వారాలు అయ్యాయి. కిందికి దిగాను. గ్లాసు ఎక్కడ పెట్టను అంటే, మిగతావాటితోనే పెట్టమంది అత్తయ్య. పెట్టలేకపోయాను. నా సంచిలో పెట్టుకున్నాను.

సెప్టెంబరు 7, ఆదివారం

బల్లారాధనకి గుడివాడ నుంచి వెళ్ళాను. వెళ్ళకపోతే దయ్యం మాట ఖాయమైపోతుంది. గిన్నె సొట్ట తీయించారు గానీ అంచు ఇంకా వంకరే. తాగాను. నా తర్వాత నిలబడ్డావిడ కొంగుతో అంచు తుడిచింది. ఒకసారి కాదు. ఆవిడ ఆ రోజు డాబా మీదకి వచ్చినావిడే. అత్తయ్య చూసింది. గొడవ చేస్తుందని భయపడ్డాను. ఏమీ అనలేదు. భయపడ్డ వాళ్ళని ఏమనలేమమ్మా, వాళ్ళకీ ఎనిమిదేసి రోజులు ఇవ్వాలి అంది ఇంటికొచ్చాక.

అక్టోబరు 19, ఆదివారం

ప్రేమ ఫోన్ ఎత్తదు.

నవంబరు 14, శుక్రవారం

నా స్కాన్ క్లియర్. ఎక్కడా ఏమీ లేదు. క్రాంతి హాస్పిటల్ మెట్ల మీదే ఏడ్చాడు. అందరూ ఫోన్లు చేశారు. అందరితోనూ మామూలుగానే మాట్లాడాను. నా లోపల మాత్రం ఒకటే లెక్క. అవనిగడ్డలో ఒక చిన్న మెడ ఉంది, దానిలో నా అయోడిన్ ఎంత పడిందో ఎవరికీ తెలియదు. నాది పోయింది సరే, దానికి నేనేం చేశాను?

కాలేజీలో మళ్ళీ ఎఫ్ బ్లాక్, అదే ఆ కింది రెండు వరుసలు, వచ్చింది, రివిజన్. పేజీ వెడల్పు చాలకనే విడిగా రాశారు, కానీ వాటి అసలు చోటు టేబుల్ లోపలే, బేరియం తర్వాత, రేడియం తర్వాత అని చెప్పాను. ఆ వెనక బెంచీ అమ్మాయిని పిలిచి బోర్డు మీద పొడుగు టేబుల్ గీయించాను. బోర్డు చాలక గోడ మీదికి వెళ్ళింది. ప్రిన్సిపాల్ గారు తిట్టారు.

డిసెంబరు 9, మంగళవారం. బందరు

ఆడపిల్ల. మూడు కిలోలకి కొంచెం తక్కువ. బందరు హాస్పిటల్లో పొద్దున పుట్టింది.

నేను వార్డు గుమ్మంలో ఆగిపోయాను. నా ఒంట్లో ఇప్పుడేమీ లేదు. నాలుగు నెలలు దాటింది, సగంలో సగంలో సగం, లెక్క నాకంటే ఎవరికి బాగా తెలుసు? అయినా మంచానికీ నాకూ మధ్య కచ్చితంగా రెండు మీటర్లు.

ప్రేమే మాట్లాడింది. నాలుగు నెలల తర్వాత. గిన్నె కొట్టినందుకు నాకు కోపం లేదు వదినా, అది కొట్టాల్సిందే అంది. అన్నయ్యకి చెప్పావు, నాకు చెప్పలేదు, వైరల్ అన్నావు, కడుపు నాదైతే భయపడాలో వద్దో నువ్వెలా తేలుస్తావు అంది.  గుమ్మంలో నిలబడే ఏడ్చాను. నా ఏడుపు ఆగాక తనే, రా, పాపని ఎత్తుకో అంది. రిపోర్టు వచ్చాక ఎత్తుకుంటాను అన్నాను. నీ ఇష్టం అన్నట్టు పక్కకి తిరిగి పడుకుంది.

డిసెంబరు 12, శుక్రవారం

మడమ గుచ్చారు. పాప ఏడ్చింది. అత్తయ్య వరండాలో గోడకి మొహం పెట్టుకుని నిలబడింది.

డిసెంబరు 14, ఆదివారం

రిపోర్టు రాలేదు. అన్నం సయించలేదు.

డిసెంబరు 15, సోమవారం

నార్మల్.

అత్తయ్య చదవమని మూడుసార్లు అడిగింది, మూడుసార్లూ చదివాను. తర్వాత నా చేతులు చాపించి పాపని పెట్టింది. పాప తల తిప్పి, నా చిటికెన వేలు నోట్లో పెట్టుకుని చప్పరించడం మొదలుపెట్టింది. అందరూ నా వంకే చూస్తున్నారు.

తీయలేదు.